పచ్చరంగు కింద కిరీటం

నవంబరు ఆఖర్లో ఒక రోజు డ్యూటీ దిగి వచ్చి, యూనిఫాం ఉతకడానికి వేసి, టీ కప్పుతో టీవీ ముందు కూలబడ్డాను. ఎక్కడో కరీబియన్ సముద్రంలో బార్బడోస్ అనే చిన్న ద్వీపం ఇన్నేళ్ళకి బ్రిటన్ రాణిగారికి సెలవు చెప్పేసి రిపబ్లిక్ అయిందట. జెండా దింపుతున్నారు. రాణిగారి కొడుకు స్వయంగా వచ్చి మర్యాదగా నిలబడి చూస్తున్నాడు. "మాస్టారూ, ఇంకొకళ్ళు తగ్గారండోయ్!" అని పక్కింటి వైపు తిరిగి కేకేయబోయి నోరు మూసుకున్నాను. గోడకి అవతల మాస్టారు లేరు. మే నెలలోనే పోయారు, చీరాలలో, ఆక్సిజన్ మీద.

మాస్టారంటే మా పక్కింటి సునీత వాళ్ళ నాన్నగారు. సునీతా నేనూ ఐర్లండ్‌లో, స్లైగో అనే ఊళ్ళో ఒకే ఆస్పత్రిలో నర్సులం. ఆయన జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైన మనిషి. కూతురి దగ్గర మూణ్ణెల్లు ఉండి వెళ్దామని కిందటేడు ఫిబ్రవరిలో వచ్చారు. మార్చిలో లోకం మొత్తానికి తాళం పడింది. విమానాలు ఆగిపోయాయి, వీసాలు వాళ్ళంతట వాళ్ళే పొడిగించారు, మూణ్ణెల్లు కాస్తా పదమూడు నెలలయ్యాయి.

ఆయన్ని తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది మొహం కాదు, చొక్కా జేబు. అందులో రెండు పెన్నులు, ఒకటి నీలం, ఒకటి ఎరుపు. చొక్కా మీద స్వెట్టరు, స్వెట్టరు మీద అల్లుడి రెయిన్‌కోటు, నెత్తిన మంకీ క్యాపు. చలి చంపేస్తున్నా సరే కోటు జిప్పు పైదాకా లాగేవారు కాదు. లాగితే పెన్ను అందదట! "ఇక్కడ మీరు దిద్దడానికి ఎవరున్నారు మాస్టారూ?" అని నవ్వితే, "నీకు తెలీదమ్మాయ్, ఈ దేశంలో కామాలు సరిగ్గా పెట్టరు" అన్నారు.

ఉత్తమాటగా అనలేదు. కరోనా జాగ్రత్తలని ప్రభుత్వం ఇంటింటికీ ఓ కరపత్రం పంచితే దాన్నీ దిద్దారు. తప్పు కనబడ్డ చోటల్లా చిన్న ఎర్ర సున్న చుట్టి, చివర పదికి ఎనిమిది మార్కులేసి, ఇనిషియల్ పెట్టి, తేదీ వేసి సునీత ఫ్రిజ్ మీద అంటించారు. కార్న్‌ఫ్లేక్స్ డబ్బాని కూడా వదల్లేదు.

"అట్టపెట్టెతో కూడా ఏం పనండీ మీకు?"

"చదివింది ఏదైనా దిద్దాల్సిందేనమ్మా. దిద్దకుండా వదిలేస్తే పని ఎగ్గొట్టినట్టే గదా."

మా అమ్మాయి గ్రేస్‌కి ఆయనంటే ప్రాణం. దానికప్పుడు పదహారు దాటాయి. బడులు మూసేశారు. హిస్టరీ వ్యాసాలు రాసి, నోటుబుక్కుని ప్లాస్టిక్ కవర్లో పెట్టి గోడ మీంచి ఆయనకిచ్చేది. ఆయన కవరుకి శానిటైజర్ పూసి, అరగంట ఎండలో పెట్టి, ఎండలేని రోజు గాలిలో పెట్టి, అప్పుడు తెరిచేవారు. ఆయన తెలుగులో అడిగితే అది ఇంగ్లీషులో, అదీ ఈ ఊరి యాసలో జవాబు చెప్పేది. ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేదు. ఆ పుస్తకాల్లో ఆయన ఏం దిద్దేవారో నేను ఒక్కసారైనా తెరిచి చూసిన పాపాన పోలేదు. పన్నెండు గంటలు మాస్కులో ఊపిరాడక ఇంటికొచ్చేదానికి పిల్ల నోటుబుక్కులు చూసే ఓపిక ఎక్కడిది?

ఇక ఆయన చాదస్తం గురించి చెప్పాలి. ఎవరు ఏ మాటెత్తినా ఆయన దాన్ని రాజుగారి దగ్గరికి లాక్కెళ్ళేవారు.

"నేను పుట్టింది నలభై ఎనిమిది ఆగస్టులో. స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఏడాది. కానీ మనకింకా రాజుగారు పోలేదు. డొమినియన్ అనేవాళ్ళు. జెండా మనది, ప్రధానమంత్రి మనవాడు, అందరికంటే పైన కూర్చున్నది మాత్రం లండన్‌లో రాజుగారు. యాభై జనవరిలో రిపబ్లిక్ వచ్చేదాకా, ఏడాదిన్నర పాటు, నేను ఆయన ప్రజని. మా తమ్ముడున్నాడే, వాడు యాభై ఒకటిలో పుట్టాడు. పుట్టుకతోనే పౌరుడు, వెధవ!"

ఈ కథ నేను కనీసం ముప్ఫైసార్లు విని ఉంటాను. ప్రతిసారీ ఆ 'వెధవ' దగ్గర ఆయన కళ్ళు మెరిసేవి. తమ్ముడికి ఫోన్ చేసినప్పుడు కూడా "ఏరా పౌరుడా" అనే పిలిచేవారు.

డెబ్భై దాటినవాళ్ళు గడప దాటొద్దన్న ఆంక్షని మే నెలలో కాస్త సడలించారు. ఆయన మొదటి రోజు నడక మా వీధి చివర పోస్టు డబ్బా దాకా. ఇక్కడ పోస్టు డబ్బాలు పచ్చగా ఉంటాయి. నేను పదకొండేళ్ళుగా దాని పక్కనుంచే పోతున్నాను, ఒక్కనాడూ ఆగి చూడలేదు. ఆయన మొదటిరోజే చూశారు. పచ్చరంగు కింద, పోత ఇనుములో ఉబ్బెత్తుగా ఒక కిరీటం, దాని కింద, ఈ దేశాన్నీ బ్రిటిష్‌వాళ్ళే ఏలిన కాలం నాటి ఒక రాజుగారి పేరు అక్షరాలు.

"అమ్మాయ్! ఇటు రా, ఇటు రా! ఇక్కడున్నాడు!" అని ఆయన వీధి అదిరేట్టు అరిస్తే ఎవరో పడిపోయారేమోనని నేను పరుగెత్తాను.

ఆనాటి నుంచి రోజూ అదే తంతు. డబ్బా దగ్గరికి పోవడం, చేతికి శానిటైజర్ రాసుకోవడం, మూడు వేళ్ళు ఆ కిరీటం మీద ఆనించి కళ్ళు మూసుకోవడం. సునీత నెత్తీనోరూ కొట్టుకునేది. "నాన్నా! ఊళ్ళో అందరూ ముట్టుకునే డబ్బా అది! ఎన్నిసార్లు చెప్పాలి?"

ఆయన వినిపించుకుంటేగా. "చూశావా తల్లీ, పీకి పారెయ్యలేదు. రంగేశారు అంతే. రాజు పోయాడని ఉత్తరాలు ఆపుకుంటారా? మనమూ అంతేగా. కోర్టులుంచుకున్నాం, కలెక్టర్నుంచుకున్నాం, పైనున్న పేరు తీసేశాం. ఎంత తెలివి!"

మూల ఇంట్లో ఒక ఐరిష్ పెద్దాయన ఉండేవాడు. హార్డ్‌వేర్ షాపు నడిపి, కొడుక్కి అప్పగించి ఇంటిపట్టున కూర్చున్నాడు. ఆయన పీస్ కమిషనర్ కూడా. అంటే జనం కాగితాలకి సాక్షి సంతకం పెట్టే గౌరవ పదవి, జీతం లేదు. ఆ పెద్దాయన ఎప్పుడూ గేటు దగ్గరే ఉంటాడు, మా మాస్టారు ఎప్పుడూ ఆ దారినే పోతారు. ఇంకేముంది, రెండు మీటర్ల దూరంలో ఇద్దరికీ రోజూ సభే. ఆయనా నలభై ఎనిమిదిలోనే పుట్టాడని తెలిసిన రోజు మాస్టారి సంబరం చూడాలి.

"ఇద్దరం ఒకే రాజు కింద పుట్టామయ్యా!"

"నేను కాదు, మా రాయబారులు మాత్రమే" అన్నాడు పెద్దాయన. అప్పటికి ఐర్లండ్‌లో రాజుగారికి మిగిలిన పని రాయబారుల కాగితాల మీద సంతకం ఒక్కటేనట. నలభై తొమ్మిది ఏప్రిల్లో అదీ తీసేసి కామన్వెల్త్ లోంచే బయటికి వచ్చేశారు.

మాస్టారు ఈ మాట కోసమే కాచుకున్నట్టు అందుకున్నారు. "మీరలా తలుపేసుకుని వెళ్ళిన పదిరోజులకే, రిపబ్లిక్ అయినా కామన్వెల్త్‌లో ఉండొచ్చని మా ఇండియా ఒప్పించింది. పదిరోజులు ఆగలేకపోయారా?"

"ఎనిమిది వందల ఏళ్ళు ఆగాం మాస్టర్. ఇక చాల్లే అనుకున్నాం."

ఇద్దరూ దగ్గు వచ్చేదాకా నవ్వారు. ఆ రోజుల్లో దగ్గంటే వీధిలోవాళ్ళు కిటికీలు మూసుకునేవాళ్ళు.

నవ్వయ్యాక పెద్దాయన తన తాతగారి సంగతి చెప్పాడు. వందేళ్ళ కిందట వీళ్ళకి సగం స్వాతంత్ర్యం వచ్చినప్పుడు ఒక షరతు ఉండేదట. శాసనసభలో కూర్చోవాలంటే రాజుకి నమ్మకంగా ఉంటానని ప్రమాణం చెయ్యాలి. ఆ నాలుగు మాటల మీద దేశం రెండుగా చీలి ఒకళ్ళనొకళ్ళు కాల్చుకున్నారు. తాతగారు పోనీ ప్రమాణం చేసేద్దాం అన్నాడు, ఆయన అన్నగారు చచ్చినా చెయ్యకూడదన్నాడు. వాళ్ళిద్దరూ తుపాకులు పట్టుకోలేదు గాని, ఒకే చర్చిలో ముప్ఫై ఏళ్ళు చెరో పక్కనా కూర్చుని, పలకరించుకోకుండానే పోయారు. మాస్టారు ఆ మాట విని మంకీ క్యాపు తీసి చేత్తో పట్టుకున్నారు. ఇంటిదాకా మళ్ళీ పెట్టుకోలేదు.

ఇప్పుడు నా సంగతి. మా ఐరిష్ పౌరసత్వం అప్లికేషన్ నా పేరు మీదే పెట్టాం. గ్రేస్ నాలుగేళ్ళప్పుడు వచ్చింది ఈ దేశానికి. నాకు సర్టిఫికెట్ వస్తే, తల్లిగా దాని తరఫున నేను అప్లికేషన్ పెట్టొచ్చు. అయితే దానికి పద్దెనిమిది నిండే లోపే పెట్టాలి. నిండితే అది మళ్ళీ మొదట్నుంచీ తనంతట తనే లైన్లో నిలబడాలి. ఎన్నేళ్ళు పడుతుందో దేవుడికి తెలియాలి. జూన్‌లో దానికి పద్దెనిమిది. మామూలు రోజుల్లో అయితే పెద్ద హాల్లో వందలమందిని నిలబెట్టి ఒక జడ్జి చేత ప్రమాణం చేయించేవారు. కరోనాతో అది ఆగిపోయింది. ఈ ఏడాది ఫిబ్రవరిలో దానికి బదులు పోస్టులో ఒక కాగితం వచ్చింది. సాక్షి ముందు సంతకం పెట్టి పంపితే అదే ప్రమాణం.

గోడ దగ్గర మాస్టారికి చెప్పాను. చెప్పేటప్పుడు నా గొంతులో కాస్త బెరుకు ఉంది, ఎందుకు దాచాలి? "ఇది వచ్చాక మన పాస్‌పోర్టు సరెండర్ చెయ్యాలి మాస్టారూ."

ఆయన జేబులో పెన్నులు సర్దుకున్నారు. "ఆలోచించుకున్నావా?" అన్నారు. అంతే.

నాకు ముల్లు గుచ్చుకున్నట్టయింది. పౌరుడనిపించుకోడానికి ఏడాదిన్నర ఆగానని రోజూ చెప్పుకునే మనిషి. తను ఆగి సంపాదించుకున్నదాన్ని నేను చేతులారా తిరిగిచ్చేస్తున్నానని ఆయన మనసులో అనుకుంటున్నట్టే తోచింది నాకు. ఆ రాత్రి అన్నాల దగ్గర ఆ మాటే ఎత్తాను. మా ఆయన "నీ భ్రమ" అని కొట్టిపారేశాడు.

రెండ్రోజులకి ఆయనే అడిగారు, "ఆ ప్రమాణం ఒకసారి చదివి ఇస్తానమ్మా" అని. ప్లాస్టిక్ కవర్లో పెట్టి గోడ మీంచి ఇచ్చాను. జిరాక్స్ తీసి ఇవ్వాలన్న జ్ఞానం నాకు లేకపోయింది. సాయంత్రం కవరు తిరిగొచ్చింది. తెరిచి చూశాను. ప్రమాణం ఉన్న పేరా మొదటి మాట దగ్గర్నుంచి కాగితం పైఅంచు దాకా, అడ్డంగా, ఏటవాలుగా, పొడుగ్గా ఎర్రగీత. కింద ఇనిషియల్. తేదీ.

కొట్టేశారు! నా ప్రమాణాన్ని కొట్టేశారు!

ఒళ్ళు మండిపోయింది. చెప్పులేసుకున్నానో లేదో కూడా తెలీదు, గోడ దగ్గరికి పోయి గొంతు చించుకున్నాను. "మాస్టారూ! ఇదేమన్నా మీ ఏడో తరగతి పరీక్ష పేపరనుకున్నారా? ప్రభుత్వం కాగితం ఇది! దీని మీద నా పిల్ల బతుకుంది!"

ఆయన మొహం తెల్లబోయింది. జేబు మీద చెయ్యి పెట్టుకున్నారు. "అయ్యయ్యో... అలవాటున... అది కాదమ్మా, నేను..."

"మీకేమండీ! చుట్టపుచూపుగా వచ్చారు, విమానం దొరికితే పోతారు. మాకిది బతుకు! నచ్చకపోతే నోటితో చెప్పాలి గాని కాగితం పాడుచేస్తారా?"

చుట్టపుచూపు అన్న మాట తగిలింది. తగలాలనే అన్నాను. సునీత బయటికొచ్చి "నాన్నా, లోపలికి రా" అంది. ఆయన వెళ్ళిపోయారు. నేను ఆ కాగితం పట్టుకుని మూల ఇంటికి పరుగెత్తాను. పీస్ కమిషనర్ కళ్ళజోడు పెట్టుకుని చూసి తల అడ్డంగా ఆడించాడు. దీని మీద నేను చెయ్యి పెట్టలేనమ్మా, కొత్తది తెప్పించుకో అన్నాడు. ఇంటికొచ్చి ఆ కాగితాన్ని వంటింటి ప్రెస్‌లో పాత బిల్లుల కింద తోసేశాను. ఇక్కడ అల్మరాని ప్రెస్ అంటారు. మళ్ళీ దాని మొహం చూడదల్చుకోలేదు.

నాలుగు రోజులు మాస్టారు గోడ దగ్గరికి రాలేదు. అయిదో రోజు ఆస్పత్రిలో చేతులు కడుక్కుంటూ సునీత చెప్పింది. "నాన్న ఆ పౌరసత్వం ఆఫీసుకి ఉత్తరం రాశాడక్కా. మూడుసార్లు చిత్తుప్రతి రాసి, నాలుగోసారి సాఫు చేశాడు. తప్పు పూర్తిగా నాదే, ముప్ఫై నాలుగేళ్ళు పేపర్లు దిద్దిన చెయ్యి, ఆ అమ్మాయికి దయచేసి వేరే ఫారం పంపండి, ఆలస్యం చేస్తే ఒక పిల్లకి అన్యాయం జరుగుతుంది అని. వడగళ్ళు పడుతున్నా తనే పోయి డబ్బాలో వేసొచ్చాడు." నేను ఈమెయిలు ఎప్పుడో పెట్టానులే అన్నాను. కొత్త ఫారం పదకొండో రోజున వచ్చింది. నా ఈమెయిలుకి వచ్చిందో, ఆయన ఉత్తరానికి వచ్చిందో నాకు తెలియదు.

సంతకం పెట్టింది మూల ఇంటి గేటు ముందు, పచ్చ చెత్తడబ్బా మూత మీద. గాలికి కాగితం ఎగిరిపోకుండా ఒక చివర శానిటైజర్ సీసా, ఇంకో చివర గ్రేస్ చెయ్యి. మాస్టారు పిలవకుండానే వచ్చి దూరంగా నిలబడ్డారు. నేను పెన్ను తీశాను. ఆస్పత్రిలో రోజుకి వంద సంతకాలు పెడతాను, ఇదొకటి. అప్పుడు వెనకనుంచి, క్లాసులో పిల్లాడు లేచినట్టు, ఆయన చెయ్యెత్తారు.

"సర్, ఆ అమ్మాయిని పైకి చదవమనండి. చదవకుండా పెడితే అది సంతకమే గాని ప్రమాణం కాదు."

పెద్దాయన నా వైపు చూసి తలూపాడు. మాస్కు కిందికి లాగి చదివాను. ఐరిష్ జాతికి నమ్మకంగా ఉంటాననీ, ఈ రాజ్యానికి విధేయంగా ఉంటాననీ. సగానికి వచ్చాను. మా ఊరి రైల్వే గేటు, మా అమ్మ సమాధి, నా మొదటి ఓటు సిరా, అన్నీ ఒక్కసారి కళ్ళముందుకొచ్చాయి. ఆగిపోయాను. ఎవరూ తొందరపెట్టలేదు. మళ్ళీ మొదట్నుంచీ చదివి సంతకం పెట్టాను. తలెత్తి చూస్తే ఆ చలిగాలిలో మాస్టారు మంకీ క్యాపు తీసేసి, చేతులు పక్కలకి పెట్టుకుని, జనగణమన పాడేటప్పుడు నిలబడినట్టు నిలబడి ఉన్నారు. నాకు మాత్రం ఆ ఎర్రగీతే కళ్ళలో ఉంది. థాంక్స్ కూడా చెప్పలేదు.

మార్చి ఆఖర్లో ఆయనకి టికెట్టు దొరికింది. ఇండియాలో అంతా సర్దుకుందనుకున్న రోజులు అవి. కారెక్కే ముందు గోడ దగ్గరికి వచ్చారు. జేబులో నీలం పెన్ను ఒక్కటే ఉంది. ఎర్రపెన్ను గ్రేస్‌కి ఇచ్చేశారట.

"నీ కాగితం పాడుచేశానమ్మా. మనసులో పెట్టుకోకు."

"పోన్లెండి మాస్టారూ, ఎప్పుడో క్షమించేశాను" అన్నాను.

ఏప్రిల్లో నా సర్టిఫికెట్ వచ్చింది. మే మొదటి వారంలో గ్రేస్ అప్లికేషన్‌ని అదీ నేనూ కలిసి ఆ పచ్చడబ్బాలోనే వేశాం. వేసేముందు అది మూడు వేళ్ళు కిరీటం మీద ఆనించింది. ఫొటో తీసి మాస్టారికి వాట్సాప్‌లో పంపించాం. చూశారో లేదో తెలియదు. అప్పటికే ఆస్పత్రిలో ఉన్నారని మాకు రెండ్రోజుల తర్వాత తెలిసింది. ఆ పైవారమే సునీత గేటు దగ్గర నిలబడి ఫోను నా చేతికిచ్చింది.

ఇదంతా ఆ నవంబరు సాయంత్రం టీవీలో జెండా దిగుతుంటే నా బుర్రలో తిరిగింది. గ్రేస్ వచ్చి పక్కన కూర్చుంది. "తాత వుడ్ హావ్ లవ్డ్ దిస్" అంది. అవునే అన్నాను. అని ఊరుకోలేక, "అంత తెలిసినవాడు, నా ప్రమాణం మీద మాత్రం గీత కొట్టేశాడు చూడు" అన్నాను. పోయిన మనిషి మీద కూడా నా నోరు ఊరుకోదు.

"ఏ గీత?" అంది. దానికి ఆ కాగితం నేనెప్పుడూ చూపించలేదు. లేచి ప్రెస్‌లో బిల్లుల కిందనుంచి తీసిచ్చాను. అది కాగితం వైపు చూసింది, నా వైపు చూసింది, పైకి పోయి తన హిస్టరీ నోటుబుక్కు తెచ్చి నా ముందు తెరిచింది.

పేజీ నిండా చిన్న చిన్న ఎర్ర సున్నలు. తప్పులు. ఇంకో పేజీ తిప్పింది. అక్కడ సున్నలు లేవు. పేరా మొదటి మాట దగ్గర ఒక చిన్న వంపు, అక్కణ్ణుంచి కాగితం పైఅంచు దాకా, ఏటవాలుగా, పొడుగ్గా ఎర్రగీత. కింద ఇనిషియల్. తేదీ.

"దట్స్ నాట్ ఎ లైన్, మామ్. దట్స్ హిజ్ టిక్. ఒక్క తప్పు కూడా లేకపోతేనే అంత పెద్దది వేస్తాడు తాత. నాకు మొత్తం మీద రెండే వచ్చాయి."

నా కాగితాన్ని దాని పక్కన పెట్టి చూశాను. అదే వంపు, అదే గీత. పేజీ అంతటా వెతికినా ఒక్క సున్న లేదు. నేను అడగడానికి భయపడ్డదానికి ఆయన ఆ సాయంత్రమే జవాబు రాసి గోడ మీంచి పంపించారు. నేను దాన్ని పట్టుకుని ఆయన మీద కేకలేశాను.

ఎప్పుడో క్షమించేశానన్నాను ఆయనతో. నేను!